కోతలరాయుళ్లకు కొన్ని కిటుకులు

పెళ్లి వీడియో, వంటల చానల్, బడి వార్షికోత్సవం... ఏదైనా సరే, కత్తెర ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. దాన్ని పట్టుకునేవాళ్లకు రాత్రుళ్లు నిద్ర మాత్రం లేదు. ఆ నిద్ర కొంతైనా మిగిల్చే ఉపాయాలు, ఉచితంగా దొరికే సాధనాలు ఈ వారం.

"బాబాయ్, తాళి కట్టడం అయిపోయాక గట్టిమేళం మొదలవుతోంది!"

రాత్రి పదకొండు దాటాక మా అన్నయ్య కూతురి ఫోన్. వాళ్ల మేనమామ కొడుకు పెళ్లికి ముగ్గురు నలుగురు ఫోన్లలో తీసినవన్నీ పోగేసి, గంట వీడియో చేసిస్తానని ఇంట్లోవాళ్లకు మాటిచ్చింది. మూడు రాత్రులు గడిచాయి. వీడియో మొదట్లో అంతా బాగానే ఉంది. రానురాను బొమ్మ ముందుకీ శబ్దం వెనక్కీ పోతున్నాయి. పురోహితుడి పెదాలు ఆగిపోయాక మంత్రం వినిపిస్తోంది.

"ఫోన్లో తీసిందేనా తల్లీ?"

"అవును. నేనే ఎక్కడో తప్పు చేసినట్టున్నాను."

తప్పు ఆ పిల్లది కాదు. సినిమా కెమెరా సెకనుకు 24 బొమ్మలంటే 24 బొమ్మలే తీస్తుంది. ఫోన్ అలా కాదు. వెలుతురు తగ్గినా, ఒళ్లు వేడెక్కినా ఒక సెకనులో 30, ఇంకో సెకనులో 27 తీసి ఊరుకుంటుంది. శబ్దం మాత్రం తన నడక తాను నడుస్తుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్క వేసుకోలేని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో అరగంట గడిచేసరికి పెళ్లికొడుకు ఒక దారి, డోలు ఒక దారి.

ముందుగా మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాంలో ఆ ఫైలు తెరవమన్నాను. ఫ్రేమ్ రేట్ మోడ్ అన్నచోట 'వేరియబుల్' అని ఉంది. తర్వాత హ్యాండ్‌బ్రేక్ అనే మరో ఉచిత సాధనంలో వేసి, వీడియో విభాగంలో 'కాన్‌స్టెంట్' అన్న గడి నొక్కి, కొత్త ఫైలు తీయమన్నాను. మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో తాళి, మేళం కలిసి వచ్చాయి.

ఎడిటింగ్‌లో మనిషిని చంపేది కోయడం కాదు. కోతకు ముందూ వెనకా ఉండే చాకిరీ. ఈ కథనంలో ఎక్కువ భాగం దాని గురించే.

కత్తెర చవకైంది

నేను చదువుకునే రోజుల్లో సెలవులకు ఊళ్లో ఒక మిక్సింగ్ ల్యాబులో కూర్చునేవాణ్ని. ల్యాబంటే పెద్దదేమీ కాదు. ఒక గది, రెండు వీసీఆర్లు, ఒక మిక్సరు, అగరొత్తుల వాసన. ఒక వీసీఆర్లో పెళ్లి క్యాసెట్ తిరుగుతుంటే రెండో దాంట్లో నకలెక్కేది. మధ్యలో మిక్సరు మీట లాగితే వధూవరులు హృదయాకారంలో విడిపోయి మళ్లీ కలిసేవాళ్లు. ఎక్కడైనా పొరపాటు జరిగితే వెనక్కి తిప్పి అక్కణ్నుంచి మళ్లీ ఎక్కించాల్సిందే. నకలుకు నకలు తీసేకొద్దీ పెళ్లికూతురి పట్టుచీర అంచు అలికేసినట్టయ్యేది.

సినిమావాళ్ల పని ఇంకా కష్టం. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు. వెయ్యడుగుల రీలు తిరిగితే పదకొండు నిమిషాలు. మూవియోలా అనే కోత యంత్రం ముందు కూర్చుని, ఫిల్ము మీద పెన్సిలుతో గీత గీసి, కోసి, అతికించేవాళ్లు. తీసేసిన ముక్క మళ్లీ కావాలంటే బుట్టలో వెతుక్కోవాలి. ఈ పని ఎంత గౌరవమైనదంటే, 'హిట్లర్', 'హనుమాన్ జంక్షన్' తీసిన నిర్మాత మోహన్ గారికి ఇంటిపేరులా అంటిపెట్టుకుని ఉన్నది 'ఎడిటర్' అన్న మాటే. 'ఆర్ఆర్ఆర్' కూర్చిన శ్రీకర్ ప్రసాద్ ఈ విద్య నేర్చింది కూడా ఎడిటరైన తండ్రి అక్కినేని సంజీవి దగ్గరే.

తర్వాత కత్తెర కంప్యూటర్లోకి ఎక్కింది. 1989లో అవిడ్ వచ్చింది, 1991లో అడోబ్ ప్రీమియర్, 1999లో ఫైనల్ కట్ ప్రో. మన పెళ్లి ల్యాబులు ఎడియస్‌ను పెళ్లాడాయి. ఇవాళ్టికీ చాలాచోట్ల ఆ కాపురం నడుస్తూనే ఉంది. ఇవన్నీ డబ్బు పెట్టి కొనుక్కునేవి లేదా నెలనెలా అద్దె కట్టేవి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్నడిగితే నేను చెప్పేది డావిన్చీ రిజాల్వ్. ఒకప్పుడు హాలీవుడ్‌లో రంగులు దిద్దడానికి లక్షల డాలర్లు పోసి కొనుక్కున్న యంత్రాలకు ఇది వారసురాలు. 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆ యంత్రాల కంపెనీని కొని, తర్వాత ఒక ఉచిత రూపాన్ని బయటపెట్టింది. వాటర్‌మార్క్ లేకుండా 4కే దాకా వీడియో తీసుకోవచ్చు. కోతా, రంగూ, శబ్దం మూడూ అందులోనే. చిక్కల్లా దాని ఆకలి. 16 జీబీ ర్యామూ, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డూ లేకపోతే మొరాయిస్తుంది. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు షాట్‌కట్‌తోనో, కెడెన్‌లైవ్‌తోనో మొదలుపెట్టండి. రెండూ పూర్తిగా ఉచితం. ఏమీ ఎక్కించుకోకుండా బ్రౌజర్లోనే పని కావాలంటే మైక్రోసాఫ్ట్ వారి క్లిప్‌చాంప్ ఉంది, 1080 దాకా ముద్ర లేకుండా ఇస్తుంది.

ఫోన్లోనే చేసేవాళ్లకు కైన్‌మాస్టర్, ఇన్‌షాట్, వీఎన్ తెలిసినవే. గూగుల్ వారి యూట్యూబ్ క్రియేట్, ఇన్‌స్టాగ్రామ్ వారి ఎడిట్స్ కూడా వచ్చాయి. క్యాప్‌కట్ మన దేశంలో అధికారికంగా దొరకదు. ఎవరో పంపిన 'మాడ్' ఫైలు ఎక్కించుకుని వాడేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. అదే ఫోన్లో బ్యాంకు యాప్ కూడా ఉంటుంది. ఆలోచించుకోండి.

ఏది ఎంచుకున్నా మౌస్ పక్కన పెట్టి మూడు అక్షరాలు నేర్చుకోండి: జే, కే, ఎల్. ఎల్ నొక్కితే ముందుకు, జే నొక్కితే వెనక్కి, కే అంటే ఆగడం. రెండుసార్లు నొక్కితే వేగం పెరుగుతుంది. ఐతో ముక్క మొదలు, ఓతో ముక్క చివర. పెద్ద సాఫ్ట్‌వేర్లన్నింట్లోనూ ఇవే తాళంచెవులు. మూడు గంటల పెళ్లి తంతు గంటంపావులో చూసేయొచ్చు.

నకళ్ల లెక్క

ఒక చిన్న గుణకారం చేద్దాం. సాధారణ 4కే కెమెరా సెకనుకు 100 మెగాబిట్లు రాస్తుందనుకుంటే గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు, ఒక్కోటి ఆరు గంటలు తీస్తే 810 జీబీ. ఒక్క పెళ్లికి! రెండో పెళ్లికి చోటు కావాలని మొదటిది చెరిపేస్తారు. నేనూ అలా ఒకసారి చెరిపాను. నకలు ఇంకో డిస్కులో ఉందన్న ధైర్యంతో. ఆ డిస్కు మర్నాడు తెరుచుకోలేదు. ఆ కుటుంబానికి అప్పగింతల ఘట్టం ఇవాళ్టికీ లేదు. వాళ్ల వీధిలోంచి వెళ్లాల్సి వస్తే నేను ఇప్పటికీ చుట్టూ తిరిగి వెళతాను.

పెద్దపెద్దవాళ్లకే తప్పలేదు. 1998లో పిక్సార్‌లో ఎవరో ఇచ్చిన ఒక్క చెరిపివేత ఆదేశానికి 'టాయ్ స్టోరీ 2' ఫైళ్లు కళ్లముందే మాయమైపోయాయి. బ్యాకప్ ఉంది కదా అనుకున్నారు. అది కొంతకాలంగా సరిగా పనిచేయడమే లేదు. గేలిన్ సస్మన్ అనే ఉద్యోగిని బిడ్డ పుట్టాక ఇంటినుంచి పనిచేస్తూ ఇంటి కంప్యూటర్లో ఒక నకలు ఉంచుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా ఆఫీసుకు తెచ్చారు. సినిమా బతికింది.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన 3-2-1 పద్ధతి అందుకే పుట్టింది. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట. వేరే చోటంటే క్లౌడే కానక్కర్లేదు, అత్తగారిల్లయినా చాలు. కెమెరా కార్డును మాత్రం రెండు చోట్లకు ఎక్కించి, రెండూ తెరిచి చూసేదాకా చెరపకండి.

ఫైలుకు 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'లాస్ట్ ఫైనల్' అని పేర్లు పెట్టే అలవాటు మానేస్తే జీవితకాలం కొంచెం పెరుగుతుంది. తేదీ, పెళ్లివారి ఊరు, వరుస సంఖ్య. అంతే.

4కే వీడియో టైమ్‌లైన్ మీద నత్తలా నడుస్తోందని కంప్యూటర్ మార్చేవాళ్లున్నారు. ఆగండి. ఫోన్లు, కెమెరాలు చోటు ఆదా చేయడానికి ప్రతి బొమ్మనూ పూర్తిగా రాయవు. 'వెనకటి బొమ్మలాగే, చెయ్యి మాత్రం కొంచెం పైకి' అన్నట్టు రాసుకుంటాయి. ఒక బొమ్మ చూపించాలంటే కంప్యూటర్ వెనకాల ఉన్నవన్నీ తిరగేయాలి. ప్రాక్సీ అన్న మీట నొక్కితే చిన్నసైజు, పూర్తి బొమ్మల నకళ్లు తయారవుతాయి. వాటితో కోసుకోండి, చివర్లో అసలు ఫైళ్ల మీదికి మారండి. రాత్రి పడుకునే ముందు ప్రాక్సీలు పెట్టేస్తే తెల్లారేసరికి సిద్ధం.

బంధువులను వాట్సాప్‌లో వీడియోలు పంపమంటే పిండేసిన చెరకు గడల్లా వస్తాయి. 'డాక్యుమెంట్‌గా పంపండి బాబాయ్ గారూ' అని అడగాలి. అలా 2 జీబీ దాకా నాణ్యత చెడకుండా వెళుతుంది.

చెవితో కోయండి

శంకరాభరణం దర్శకుడు కె.విశ్వనాథ్ సినిమాల్లోకి వచ్చింది మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్ద విభాగం మనిషిగా. 'ది ఇంగ్లిష్ పేషెంట్'కు వాల్టర్ మర్చ్ ఒకే ఏడాది ఎడిటింగుకూ, శబ్దానికీ రెండు ఆస్కార్లు తీసుకున్నాడు. కోతకు ఆరు కొలతలు చెబుతూ అందులో భావోద్వేగానికే 51 శాతం ఇచ్చినవాడు ఆయన. నా అనుభవంలో ఆ 51 శాతంలో సగానికి పైగా చెవిలోంచే లోపలికి వెళుతుంది.

పెళ్లినే తీసుకోండి. అడ్డుతెర పట్టుకుని ఉన్నారు. తెర ఇవతల అమ్మాయి, తల వంచుకుని. మామూలుగా అయితే ఆమెను చూపించి, టక్కున సన్నాయివాళ్లను చూపించి, అప్పుడు మేళం వినిపిస్తారు. ఒకసారి ఇలా చేసి చూడండి: అమ్మాయి ముఖం మీద ఉండగానే మేళం మొదలుపెట్టండి. ఒకటిన్నర సెకన్లు ఆ ముఖమే. ఆమె కళ్లెత్తుతుంది. అప్పుడు తెర తీయండి. చూసేవాళ్ల గొంతులో ఏదో అడ్డం పడుతుంది. దీన్ని జే కట్ అంటారు. టైమ్‌లైన్ మీద శబ్దం ముక్క ఆ ఇంగ్లిష్ అక్షరం తోకలా ముందుకు పొడుచుకొస్తుంది కాబట్టి ఆ పేరు. బొమ్మ మారినా పాత శబ్దం కొనసాగితే ఎల్ కట్. అప్పగింతల్లో తల్లి ఏడుపు వినిపిస్తుండగానే కారు కదలడం చూపిస్తే అది ఎల్ కట్. డబ్బు పెట్టి కొనే ట్రాన్సిషన్లు వంద కలిపినా వీటికి సరితూగవు.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. తీసే చోట అందరినీ మాట్లాడొద్దని చెప్పి, ముప్పై సెకన్లు ఊరికే గది శబ్దం రికార్డు చేసుకోండి. ఫ్యాను, దూరంగా కుక్కర్ విజిల్, వీధిలో ఆర్టీసీ బస్సు... మాటల మధ్య కోసినచోట శ్మశాన నిశ్శబ్దం పడకుండా అది అతుకుగా పనికొస్తుంది. పెళ్లి మంటపంలో ఇది సాధ్యం కాదనుకోండి. అక్కడ నిశ్శబ్దం అనే మాటే లేదు.

మాట స్పష్టంగా లేకపోతే అడోబ్ పాడ్‌కాస్ట్ వారి 'ఎన్‌హాన్స్ స్పీచ్' ఉంది. ఫైలు ఎక్కిస్తే గదిలో మార్మోగిన గొంతు స్టూడియోలో పలికినట్టు వస్తుంది. వంటల చానల్‌కు, పాఠాలకు బ్రహ్మాండం. పెళ్లికి వాడకండి. అది మనిషి గొంతు తప్ప మిగతాదంతా చెత్త అనుకుంటుంది, సన్నాయిని ఊడ్చేస్తుంది. గొంతు ఒకచోట అరుపుగా, ఒకచోట గుసగుసగా ఉంటే ఆఫానిక్ అనే ఆన్‌లైన్ సాధనం సమం చేసి ఇస్తుంది. నెలకు రెండు గంటల మేరకు ఉచితం. చిన్నచిన్న మరమ్మతులకు ఆడాసిటీ ఎప్పుడూ ఉండనే ఉంది.

ధ్వని ఎంత పెట్టాలి? యూట్యూబ్ మైనస్ 14 లఫ్స్ అనే కొలతకు మించిన శబ్దాన్ని తనే తగ్గిస్తుంది. అంతకంటే పెద్దగా పెట్టి మీరు సాధించేదేమీ లేదు. చివరి పరీక్ష మాత్రం యంత్రాలది కాదు. వీడియోను ఫోన్ స్పీకర్లో పెట్టి, వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా వినండి. మీ ప్రేక్షకులు చాలామంది వినేది అలాగే.

శ్రీ విరిగితే శుభమా?

పెళ్లి వీడియో మొదటి ఫలకం మీద 'శ్రీరస్తు' అని రాద్దామని కూర్చుంటే తెర మీద 'శ్‌రీరస్‌తు' అని పడుతుంది. 'లక్ష్మి' మూడు ముక్కలవుతుంది. 'కృష్ణ'కు వత్తు ఊడి పక్కన పడుతుంది. ఇంగ్లిష్ వాళ్లకు లేని బాధ ఇది, అందుకే వాళ్ల చిట్కాల పుస్తకాల్లో మందు దొరకదు.

అక్షరాలు పక్కపక్కన పేర్చడమే తెలిసిన సాఫ్ట్‌వేర్‌కు, మన వత్తు కిందికి వెళ్లాలనీ, గుడి పైకెక్కాలనీ తెలియదు. ప్రీమియర్లో అయితే ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్ విభాగంలో టెక్స్ట్ ఇంజిన్‌ను 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కు మార్చి, కొత్తగా టైపు చేయండి. వత్తులు ఎక్కడివక్కడ కూర్చుంటాయి. పాత టైట్లర్లలో ఈ సదుపాయం లేక మన ల్యాబులన్నీ అను ఫాంట్లకు అలవాటు పడ్డాయి. అందం విషయంలో వాటిని తప్పుపట్టలేం. అయితే అవి యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఆ పాఠాన్ని సబ్‌టైటిల్ ఫైల్లో పెడితే పిచ్చిగీతలే.

గూగుల్ ఫాంట్స్‌లోకి వెళ్లి తెలుగు ఎంచుకుంటే రామభద్ర, మల్లన్న, మండలి, సూరన్న, పెద్దన, ధూర్జటి, గిడుగు, రవిప్రకాష్... పేర్లు చదువుతుంటేనే సాహిత్య సభకు వెళ్లినట్టుంటుంది. వీటిలో చాలావాటి వెనక సిలికానాంధ్ర కృషి ఉంది. అన్నీ ఉచితం, అన్నీ యూనికోడ్. పెద్ద శీర్షికకు రామభద్ర, సబ్‌టైటిల్‌కు మండలి నా ఎంపిక.

ఏ సాఫ్ట్‌వేరూ మాట వినకపోతే ఫొటోపియా తెరవండి. బ్రౌజర్లో నడిచే ఫొటోషాప్ లాంటిది, ఆల్బమ్ డిజైన్ల పీఎస్‌డీ ఫైళ్లు కూడా తెరుస్తుంది. తెలుగు పేర్లు అక్కడ రాసి, వెనక ఏ రంగూ లేని పీఎన్‌జీగా దించుకుని టైమ్‌లైన్ మీద పెట్టేయండి.

సబ్‌టైటిళ్లకు సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాధనం నమ్మకమైనది. ఫైలు భద్రపరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోవడం మరిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. మాట విని రాసిపెట్టే యంత్రాల్లో ఓపెన్‌ఏఐ వారి విస్పర్ 2022 నుంచి ఉచితంగా ఉంది, తెలుగూ వస్తుంది. వస్తుందంటే, మా పెద్దనాన్న యాస దానికి వినిపించి చూడండి తెలుస్తుంది. పుస్తకాల తెలుగుకు ఫర్వాలేదు. సీమ, పాలమూరు, శ్రీకాకుళం మాటలకు మీ చెవే దిక్కు. ముసాయిదాగా వాడుకుని, ప్రతి వాక్యం దిద్దుకోండి.

"మా అమ్మాయిని కాస్త తెల్లగా..."

ల్యాబులో పనిచేసిన ప్రతివాడూ విన్న మాట ఇది. వినీ వినీ వెలుతురు మీట పైకి తోస్తారు. ముక్కు, బుగ్గ, నుదురు ఒకటైపోయి, పెళ్లికూతురి ముఖం సున్నం వేసిన గోడలా మిగులుతుంది. నగల మెరుపూ పోతుంది.

రిజాల్వ్‌లో వెక్టర్‌స్కోప్ అనే గుండ్రటి పటం ఉంటుంది. దాంట్లో చర్మం రంగుకు ఒక గీత. తమాషా ఏమిటంటే నలుపైనా తెలుపైనా చామనఛాయైనా మనుషుల చర్మమంతా ఆ ఒక్క గీతకు దగ్గర్లోనే పడుతుంది. లోపల పారే నెత్తురు ఒకటే కదా. మంటపంలోని ఊదారంగు లైట్లు, పసుపుచీర నీడ ముఖాన్ని ఆ గీతనుంచి పక్కకు లాగుతాయి. వెనక్కి తీసుకురండి చాలు, ముఖం దానంతట అదే కళకళలాడుతుంది. ఐఫోన్ వీడియో వెలిసినట్టో, మండిపోతున్నట్టో కనిపిస్తే కారణం హెచ్‌డీఆర్. తీసేముందే కెమెరా సెట్టింగుల్లో ఆపించండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 50లో ఒకటో, 100లో ఒకటో పెట్టమంటే చాలా లైట్ల కింద నల్లచారలు పాకడం తగ్గుతుంది.

పాట ఎవరిది?

ఇది క్లుప్తంగా చెబుతాను. పెళ్లిలో సినిమా పాట వేసుకోవడం వేరు, ఆ పాటతో వీడియో చేసి యూట్యూబ్‌లో పెట్టడం వేరు. మొదటిదానికి 1957 నాటి కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది. రెండోదానికి లేదు. ఎక్కించగానే కంటెంట్ ఐడీ అనే యూట్యూబ్ కాపలా యంత్రం పట్టేస్తుంది. 'క్లెయిమ్' వస్తే సాధారణంగా ప్రకటనల డబ్బు పాట యజమానికి పోతుంది. 'స్ట్రైక్' వస్తే జాగ్రత్త, 90 రోజుల్లో మూడు పడితే చానలే ఉండకపోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో సంగీతం, ఫ్రీసౌండ్‌లో చప్పుళ్లు ఉచితంగా ఉన్నాయి. ఫ్రీసౌండ్‌లో 'నాన్ కమర్షియల్' అని రాసి ఉన్నవి డబ్బు తీసుకుని చేసే పనికి వాడకూడదు.

పెక్సెల్స్, పిక్సాబేల్లో ఉచిత వీడియోలు బోలెడు. కోనసీమ గురించి చెబుతూ బాలి కొండల మీది మెట్లపొలాలు చూపించిన వీడియో ఒకటి చూశాను. కోనసీమలో కొండేది నాయనా! ముగ్గు వేస్తున్న చెయ్యి, గ్లాసులో పొగలు కక్కే టీ, చెరువు గట్టు, సంత... వెళ్లినచోటల్లా పదేసి సెకన్లు మీరే తీసి దాచుకోండి. ఏడాది తిరిగేసరికి ఎక్కడా దొరకని భాండాగారం మీదవుతుంది.

ఇక పెళ్లివారి సవరణలు. "ఆ మధ్యలో మావయ్య వచ్చినచోట కొంచెం తగ్గించు బాబూ" అని వాయిస్ మెసేజ్ వస్తుంది. ఏ మావయ్య? ఏ మధ్య? ఫ్రేమ్.ఐఓలో పెట్టి లింకు పంపితే వాళ్లు ఏ సెకను దగ్గర ఏమన్నారో అక్కడే నమోదవుతుంది. ఉచిత ఖాతాలో చోటు తక్కువే, చిన్న నకలు పెట్టండి. అదీ కష్టమంటే యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్'గా పెట్టి, నిమిషం, సెకను రాసి పంపమనండి. రెండు విడతల దిద్దుబాట్లే అని ముందే మాట్లాడుకోవడం మరవకండి.

చివరగా ఒక మనవి. మా ల్యాబులో చేసిన క్యాసెట్లు ఇంకా కొన్ని ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఉండి ఉంటుంది, అమ్మానాన్నల పెళ్లిదో, అక్క ఓణీల ఫంక్షన్‌దో. ఈ ఆదివారం అటకెక్కి దాన్ని దించండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం వీసీఆర్లో పెట్టకండి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు ఇవ్వండి. బూజు లేకపోతే వెంటనే కంప్యూటర్లోకి ఎక్కించి, మూడు నకళ్లు చేయండి. ఆలస్యం వద్దు. ప్రపంచంలో చిట్టచివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్, 2016 జులైలో ఆ పని మానేసింది.